ముంబై రికార్డా, విశాఖ రికార్డా: సముద్ర మట్టం లెక్కకు ఏది మేలు?

ఆంధ్ర తీరంలో సముద్రం ఎంత పెరిగిందో తేల్చాలంటే ముందు ఏ రేవు లెక్కలు పట్టుకోవాలి? ముంబై అపోలో బందర్‌లో టైడ్ గేజ్ (రేవులో సముద్రపు నీటి ఎత్తు కొలిచే సాధనం) రికార్డు 1878 నుంచి ఉంది. మన దేశంలో అంత పొడవైనది మరొకటి లేదు. చెన్నై రికార్డు 1916లో, విశాఖపట్నానిది 1937లో, పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది మీది డైమండ్ హార్బర్‌ది 1948లో మొదలయ్యాయి. వయసు చూసి ముంబైకి ఓటేయడం తేలికే. నన్నడిగితే వయసు తర్వాతి సంగతి, ముందు బెంచ్‌మార్క్ సంగతి చూడాలి.

గేజ్ తన సున్నా నుంచి నీరు ఎంత ఎత్తున ఉందో కొలుస్తుంది. ఆ సున్నా ఎక్కడుందో చెప్పేది ఒడ్డున గట్టి నేలలో నాటిన గుర్తు రాయి, అదే బెంచ్‌మార్క్. జెట్టీ తిరిగి కట్టినా, గేజ్‌ను పక్కకు జరిపినా, పాత ఫ్లోట్ గేజ్ తీసి రాడార్ గేజ్ పెట్టినా, లెవెలింగ్ చేసి, అంటే ఎత్తుల తేడా కొలిచి, కొత్త సున్నాను పాత రాయితో ముడిపెట్టాలి. అలా చేయకపోతే తూకం రాళ్లు మార్చేసి చెప్పని అంగట్లో సరుకు కొన్నట్టే. ముంబైలోనూ విశాఖలోనూ రికార్డు మొత్తం మీద నేరుగా లెక్కవేస్తే వచ్చే పెరుగుదల ఏడాదికి ఒక మిల్లీమీటరు లోపే. 0.8 అనుకుందాం. అరవై ఏళ్లకు 48 మిల్లీమీటర్లు. ఎవరూ రాసిపెట్టకుండా సున్నా ఒక్కసారి ఐదు సెంటీమీటర్లు జరిగితే చాలు, ఆ అరవై ఏళ్ల పెరుగుదల మొత్తం మాయమవుతుంది, లేదా రెట్టింపై కనిపిస్తుంది.

లివర్‌పూల్‌లో 1933 నుంచి పనిచేస్తున్న పర్మనెంట్ సర్వీస్ ఫర్ మీన్ సీ లెవెల్ (దేశదేశాల గేజ్ లెక్కలు భద్రపరిచే సంస్థ) తన దగ్గరున్న లెక్కలను రెండు రకాలుగా ఉంచేది ఈ కారణంతోనే. మెట్రిక్ అంటే ఆయా దేశాలు పంపింది పంపినట్టు. ఆర్ఎల్ఆర్ (రివైజ్డ్ లోకల్ రిఫరెన్స్) అంటే బెంచ్‌మార్క్ చరిత్ర తెలిసి, మొత్తం రికార్డును ఒకే సున్నాకు తెచ్చినవి. ఋతువుల హెచ్చుతగ్గులు చూడటానికి మెట్రిక్ పనికొస్తుంది. దశాబ్దాల పెరుగుదల లెక్కకు మాత్రం ఆర్ఎల్ఆర్ తప్ప మరొకటి ముట్టుకోకండి.

ఇక రెండు రేవులనూ పక్కపక్కన పెడదాం. ముంబైలో పోటుకూ పాటుకూ తేడా ఎక్కువ, అమావాస్య పౌర్ణములకు నాలుగు మీటర్లు దాటుతుంది. విశాఖలో అది ఒకటిన్నర మీటరు దరిదాపుల్లోనే. అంటే గేజ్ గడియారం తప్పినా, కొన్ని గంటల రీడింగులు పోయినా, ముంబైలో పడే దెబ్బ పెద్దది. విశాఖ ఇబ్బంది వేరు. బంగాళాఖాతం మట్టం మార్చి నెల దరిదాపుల్లో బాగా దిగి, అక్టోబరు నవంబరుల్లో బాగా లేస్తుంది. ఆ తేడా పదుల సెంటీమీటర్లు. ఏ ఏడాదైనా అక్టోబరు, నవంబరు రీడింగులు లేకపోతే ఆ ఏటి సగటు ఉత్తపుణ్యానికి పడిపోతుంది. పదకొండు నెలలైనా లేనిదే వార్షిక సగటు కట్టకూడదన్న లివర్‌పూల్ నియమం మన తూర్పు తీరానికి అచ్చంగా సరిపోతుంది. విశాఖ రికార్డులో ఎన్నేళ్లు పోయాయన్నదానికంటే ఏ నెలలు పోయాయన్నది ముందు చూడండి.

ముంబైకి మరో చిక్కు ఉంది. అక్కడి మట్టం దశాబ్దాల తరబడి మెల్లగా లేచి, మెల్లగా దిగుతుంది. దాన్ని రుతుపవన వర్షాలతోనూ, నదుల నీటి వల్ల తీరం దగ్గర తగ్గే ఉప్పదనంతోనూ శంకర్, శెట్యే అనే శాస్త్రవేత్తలు 1999లో ముడిపెట్టి చూపారు. ఆ లేచే దశలో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు లెక్కిస్తే గాభరా పుట్టించే అంకె వస్తుంది, దిగే దశలో లెక్కిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఈ ఊగిసలాటను సగటులో కలిపేసుకునేంత పొడవు ముంబైకి ఉంది. ఆ ఒక్క విషయంలో దానికి సాటి లేదు.

డైమండ్ హార్బర్‌లో ఏడాదికి 5 మిల్లీమీటర్ల పైన వస్తుంది. భయపడే ముందు అక్కడి నేలను చూడాలి. డెల్టా మట్టి కుంగుతోంది, దానికి తోడు నది ప్రవాహం, పూడిక. అక్కడి జనానికి ఆ అంకె నిజమైన ముప్పే, కానీ దాన్ని సముద్రం మొత్తానికి అంటగట్టకూడదు. చెన్నై రికార్డులో పెద్ద ఖాళీలున్నాయి. ఒక విశ్లేషణలో మట్టం తగ్గుతున్నట్టు, మరోదానిలో పెరుగుతున్నట్టు వచ్చింది. పెరుగుతోందో తగ్గుతోందో కూడా తేలనప్పుడు దాన్ని సాక్ష్యంగా నిలబెట్టలేం.

ఉపగ్రహాలుండగా ఈ తంటా దేనికి అనొచ్చు. సముద్ర మట్టం కొలిచే టోపెక్స్/పోసైడాన్ ఉపగ్రహం ఎగిరింది 1992లో. అంతకు ముందు కాలానికి గేజ్‌లే దిక్కు. పైగా తీరాన్ని ఆనుకున్న నీటిలో ఉపగ్రహం చూపు మసకబారుతుంది. అయితే గేజ్‌ను పరీక్షించడానికి అది మంచి తోడు. గేజ్ అంకె నుంచి ఉపగ్రహం అంకె తీసేస్తే మిగిలేది చాలావరకు నేల కదలిక, లేదా గేజ్ తప్పు.

నా ఎంపిక ఇది. భారత తీరంలో శతాబ్దపు పెరుగుదల చూపాలంటే ముంబై ఆర్ఎల్ఆర్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ప్రణాళికలకైతే విశాఖ ఆర్ఎల్ఆర్, ముంబై అంకెను తెచ్చి ఇక్కడ అతికించడం పొరపాటు. విశాఖ గీతలో హఠాత్తుగా మెట్టు కనబడితే అదే నెలల్లో పారాదీప్, చెన్నై ఏం చూపాయో చూడండి. అవీ లేస్తే అది సముద్రం పని. విశాఖ ఒక్కటే లేస్తే ఆ ఏటి లెవెలింగ్ పుస్తకం తెప్పించి చదవాలి, అది దొరికేదాకా ఆ మెట్టుకు ఇవతలి, అవతలి భాగాలను విడివిడిగానే లెక్కించాలి.