ఏడేళ్లుగా మిల్లులో థర్మల్ స్కానింగ్ చేయిస్తున్నా: నా అనుభవం

గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. 2018 నుంచి ఏడాదికి రెండుసార్లు బయటి వాళ్లను పిలిపించి కరెంటు ప్యానెళ్లన్నిటికీ థర్మోగ్రఫీ, అంటే వేడిని చూపించే కెమెరాతో ఫొటోలు తీయించడం, చేయిస్తున్నాం. ఈలోపు ముగ్గురు సర్వీసు వాళ్లు మారారు. పక్క మిల్లుల వాళ్లు ఎప్పుడు కలిసినా, "అది నిజంగా పనికొస్తుందా, ఇన్సూరెన్సు వాళ్లకు చూపించడానికేనా?" అని అడుగుతుంటారు. పనికొస్తుంది. కాకపోతే కెమెరా పట్టుకున్న మనిషికి పని తెలిసుండాలి, ఆ రోజు మన మిల్లు నిండుగా తిరుగుతుండాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా మిగిలేది రంగుల బొమ్మలే.

మాది దూదితో పని. ఎంత సీలు చేసినా పీచు ప్యానెళ్లలోకి చేరుతూనే ఉంటుంది. ఒక్క లగ్గు (కేబుల్ చివర వేసి బోల్టుతో బిగించే లోహపు తొడుగు) కాలిందంటే అక్కడితో ఆగదు. ఇదివరకు మాకు తెలిసిన పద్ధతి ఒకటే: షట్‌డౌన్ దొరికినప్పుడల్లా స్పానర్ పట్టుకుని కనిపించిన బోల్టునల్లా బిగించడం. అలా బిగించీ బిగించీ అల్యూమినియం లగ్గులు నొక్కుకుపోయి, బాగున్న జాయింట్లను కూడా మేమే పాడు చేశామని తర్వాత అర్థమైంది.

మొదటి స్కానింగ్ రోజే దాని ఖర్చు తిరిగొచ్చింది. గాలిలో తేమ నిలిపే హ్యుమిడిఫికేషన్ ప్లాంటుకు కరెంటిచ్చే ఫీడర్ ప్యానెల్ తలుపు తీయగానే తెరమీద మూడు లగ్గుల్లో నడిమిది తెల్లగా మెరుస్తోంది. మూడు ఫేజుల్లో ఆర్ 52 డిగ్రీలు, బీ 54, నడిమి వై మాత్రం 118. కంటితో చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి, వాసన కూడా లేదు. వచ్చినాయన వెంటనే "బిగించండి" అనలేదు. "ముందు టాంగ్ టెస్టర్ పెట్టండి సార్" అన్నాడు, కేబుల్ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటరు అది. మూడు ఫేజుల్లోనూ కరెంటు దాదాపు సమానంగానే ఉంది. అంటే లోడు తేడా కాదు. పైగా లగ్గు మెడ దగ్గర వేడి ఎక్కువగా ఉండి, కేబుల్ వెంట దూరం వెళ్లేకొద్దీ తగ్గుతోంది. అది జాయింటు జబ్బు. లోడు వల్లే వేడెక్కి ఉంటే కేబుల్ పొడవునా ఒకేలా కనిపించేదట. ఆ రాత్రి షట్‌డౌన్ తీసుకుని విప్పాం. 185 సైజు కేబుల్‌కు ఎవరో పెద్దదైన 240 సైజు లగ్గు వేసి నొక్కి (క్రింపు చేసి) బిగించారు. చేత్తో లాగితే ఊడొచ్చింది. లోపలి తీగలు నల్లగా మాడి ఉన్నాయి.

ఒకేలాంటి భాగాల మీద ఒకే లోడు ఉన్నప్పుడు వాటి మధ్య తేడా 15 డిగ్రీలు దాటితే వెంటనే బాగుచేయాలని, చాలామంది పాటించే నేటా (అమెరికాలోని ఎలక్ట్రికల్ టెస్టింగ్ సంస్థ) పట్టిక చెబుతుంది. మా తేడా 60 దాటింది.

రెండో సర్వీసు వాళ్ల సంగతి చెప్పాలి. వాళ్లు ఆదివారం వస్తామన్నారు. ప్రొడక్షన్‌కు అడ్డం లేదు కదా అని మేమూ సరేనన్నాం. సగానికి పైగా రింగ్ ఫ్రేములు (నూలు వడికే యంత్రాలు) ఆపి ఉన్నాయి, లోడు 30 శాతం దగ్గర ఉంది. రిపోర్టులో అన్నీ నార్మలే. ఏడు వారాల తర్వాత రింగ్ ఫ్రేముల ఫీడర్‌లో బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు మోసే లోహపు పట్టీ) జాయింటు కాలి ఒకటిన్నర షిఫ్టు పోయింది. పాత ఫొటో తీసి చూస్తే ఆ జాయింటు అప్పుడే పక్కదానికంటే 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. "స్వల్ప తేడా" అని రాసి వదిలేశారు. జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. 30 శాతం లోడులో 5 డిగ్రీల తేడా ఉంటే, లెక్క ప్రకారం పూర్తి లోడులో అది 50 దాటాలి. ప్రతి ఫొటో కింద ఆ క్షణాన నడిచిన ఆంపియర్లు రాయకపోవడం వాళ్ల తప్పు. ఆదివారం ఇవ్వడం మా తప్పు. కనీసం 40 శాతం లోడు లేకపోతే ఇప్పుడు నేను వాళ్లను గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాను.

ఇంకో మోసం బస్‌బార్ మెరుపు. తళతళలాడే రాగి తన వేడిని చాలా తక్కువగా బయటికి వదులుతుంది, చుట్టూ ఉన్న వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. కెమెరాలో ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంత బాగా బయటికి వదులుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టుకుని దాన్ని చూస్తే అంకె గాలికి పోతుంది. నిజంగా వేడెక్కిన రాగి కూడా చల్లగా కనిపిస్తుంది. ఒకసారి బస్‌బార్ మీద "హాట్‌స్పాట్" అని గుండ్రం చుట్టి చూపించారు. నేను పక్కకు జరిగితే ఆ మచ్చా జరిగింది! అది నా మొహమే. మూడో సర్వీసు కుర్రాడు మొదటి రోజే మరుసటి షట్‌డౌన్‌లో జాయింట్ల పక్కన నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి ఉంచమన్నాడు. ఆ ముక్కల మీద చూస్తే అంకె నమ్మొచ్చు. పదిరూపాయల టేపు.

కెమెరా లోపలికంటా చూస్తుందని కొందరి భ్రమ. ఇది ఎక్స్‌రే కాదు, పైపొర వేడినే చూపిస్తుంది. గాజు, అక్రిలిక్ షీటు దానికి గోడతో సమానం. అందుకే కరెంటు ఉండగానే తలుపులు, కవర్లు తీయాల్సి వస్తుంది. ఆ పని మా వాళ్లే, ఫేస్ షీల్డు, గ్లౌజులు వేసుకుని చేస్తారు. సర్వీసు వాళ్లను ముట్టుకోనివ్వను.

రిపోర్టుల మీద నా చిరాకు వేరే. నూటయాభై పేజీల్లో నూటముప్పై "నార్మల్" ఫొటోలే. పైగా ఆటో స్కేలు పెట్టి తీస్తారు, అంటే ఆ ఫొటోలో అన్నిటికన్నా వేడిగా ఉన్నదాన్ని, ఎంత తక్కువైనా, ఎర్రగానే చూపిస్తుంది. దాంతో 38 డిగ్రీల ఎంసీబీ కూడా నిప్పులా ఎర్రగా కనిపిస్తుంది. మా యజమాని అలాంటి పేజీ చూసి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఏమయ్యా, మిల్లు తగలబడుతోందా?" అన్నారు. పక్కన పట్టీలో అంకెలు చదవండి సార్ అని చెప్పి పడుకున్నాను.

మోటారు బేరింగులకు దీన్ని నమ్ముకోవద్దు. బేరింగు వేడెక్కిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే, వైబ్రేషన్ చెకింగ్ అంతకన్నా ముందే పట్టిస్తుంది. షెడ్డు మీద సోలార్ ప్యానెళ్లకు మాత్రం బాగా పనికొచ్చింది. ఎండ గట్టిగా ఉన్నప్పుడు తీస్తే, ఒక ప్యానెల్‌లో మూడో వంతు మిగతాదానికంటే వేడిగా కనిపించింది, బైపాస్ డయోడు (పనిచేయని భాగాన్ని తప్పించి కరెంటును పోనిచ్చేది) దగ్గర లోపం తేలింది. ఇంకోచోట మచ్చలు మచ్చలుగా కనిపిస్తే కంగారుపడ్డాం. పావురాల రెట్టలు. కడిగితే పోయాయి.

హైదరాబాద్‌లో మా బావమరిది ఫ్లాటులో బాత్‌రూమ్ గోడ చెమ్మకు కూడా ఒకరిని పిలిచాం. తడి ఆరే చోట గోడ చల్లబడుతుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. కానీ ఏసీ గాలి తగిలే చోటూ నీలమే! తేమ మీటరు గుచ్చి చూశాకే నమ్మమన్నాను. రెండు మచ్చల్లో ఒకటి ఏసీదే.

మధ్యలో చూసుకోవడానికి 160 బై 120 పిక్సెళ్ల చిన్న కెమెరా ఒకటి మేమే కొన్నాం. దగ్గరి ప్యానెళ్లకు చాలు. పైకప్పు కింద బస్‌డక్ట్ (బస్‌బార్లు వెళ్లే లోహపు గొట్టం) జాయింట్లకు మాత్రం చాలదు, అంత దూరం నుంచి చిన్న జాయింటు వేడి చుట్టుపక్కల చల్లదనంలో కలిసిపోయి తక్కువ చూపిస్తుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు పిలవడం మానలేదు.

ఈసారి తేదీ కోసం ఫోన్ చేస్తే ఆ కుర్రాడు డబ్బు మాట ఎత్తకుండా, "ఆ రోజు రింగ్ ఫ్రేములన్నీ తిరుగుతాయా సార్?" అని అడిగాడు. మంగళవారం రమ్మన్నాను.