ష్వాంక్‌మాయర్ కోసం ప్రాగ్ వెళ్లేవాళ్లకి

వస్తువుల్నీ బొమ్మల్నీ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కదిలించి సినిమాలు తీసిన చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయర్. ఆయన సినిమాల మీద ఇష్టంతో ప్రాగ్ వెళ్తుంటే, ఒక పగలు పూర్తిగా కుత్నా హోరా అనే ఊరికి ఉంచుకోండి. ప్రాగ్ ప్రధాన స్టేషన్ నుంచి రైల్లో దాదాపు గంట. స్టేషన్లో దిగి కాస్త నడిస్తే సెద్లెత్స్ ఎముకల చాపెల్, అంటే ఎముకలతో అలంకరించిన చిన్న చర్చి. 1970లో ఆయన ‘కొస్త్‌నిట్సె’ అనే పది నిమిషాల సినిమా తీసింది ఇక్కడే.

లోపల దాదాపు 40 వేల మంది ఎముకలున్నాయంటారు. వాటిని 1870 నాటికి ఇలా అమర్చింది ఫ్రాంతిషెక్ రింట్ అనే చెక్కశిల్పి. మధ్యలో పెద్ద షాండ్లియర్, ఒక పక్క ష్వార్జెన్‌బెర్గ్ అనే ప్రభువుల వంశ చిహ్నం. అందులో కాకి ఒక తురుష్కుడి కంటిని పొడుస్తుంటుంది, అదీ ఎముకలతోనే. రింట్ తన పేరు కూడా గోడ మీద ఎముకలతోనే రాసుకున్నాడు. ష్వాంక్‌మాయర్ తీసిన ‘కొస్త్‌నిట్సె’లో బొమ్మలు కదలవు, కెమెరా వేగం, ఎడిటింగే పుర్రెల్ని కదిలిస్తాయి. అసలు సౌండ్‌ట్రాక్‌లో ఒక గైడ్, ఎముకలు ముట్టుకుంటే జరిమానా అని పిల్లల్ని హెచ్చరిస్తూ ఉంటుంది. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వానికి అది నచ్చక తీయించేస్తే, దాని బదులు సంగీత దర్శకుడు జ్దెన్యెక్ లిష్కా జాజ్ సంగీతం పెట్టారు. వెళ్లేముందు రెండు రూపాలూ చూడండి, చాపెల్ వేరేగా కనిపిస్తుంది.

టికెట్ చాపెల్ గుమ్మం దగ్గర అమ్మరు, దగ్గర్లోని ఇన్ఫర్మేషన్ సెంటర్లో ముందే కొనుక్కోవాలి. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. నాకైతే అదే మంచిదనిపించింది, అందరూ తలెత్తి నిజంగా చూస్తున్నారు.

ప్రాగ్‌లో కోట ఉన్న హ్రద్చానీ ప్రాంతంలోనే నోవీ స్వ్యెత్ అనే చిన్న వీధుల పేట ఉంది. ష్వాంక్‌మాయర్, ఆయన భార్య, చిత్రకారిణి ఎవా పనులతో ముడిపడిన గాంబ్రా గ్యాలరీ అక్కడే. చిన్న చోటు, తెరిచే వేళలు తక్కువ, అందుకని ముందే కనుక్కుని వెళ్లండి. 22వ నంబరు ట్రామ్ దగ్గరదాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి కోట నడక దూరమే. రెండో రుడాల్ఫ్ చక్రవర్తి 1583లో కొలువును ప్రాగ్‌కి మార్చి, వింత వస్తువులు పోగేసిన కోట అది. కూరగాయలతో మొహాలు వేసిన ఆర్చింబోల్డో ఆయన కొలువు చిత్రకారుడే. ష్వాంక్‌మాయర్ 1982 నాటి సినిమా ‘మోజ్నోస్తి దియలోగు’లో ఆ మొహాలే ప్రాణం పోసుకుంటాయి: కూరగాయల తల, గిన్నెల తల, ఆఫీసు సామాన్ల తల ఒకదాన్నొకటి మింగి నలగ్గొట్టి ఉమ్ముకుంటాయి. ఇలాంటివి తీసే పద్ధతి ఇది: వస్తువును వెంట్రుకవాసి జరిపి ఒక ఫ్రేమ్, మళ్లీ జరిపి ఇంకో ఫ్రేమ్, అలా సెకనుకి 24. 1983లో బెర్లిన్ చిత్రోత్సవంలో లఘుచిత్రాల గోల్డెన్ బేర్ బహుమతి ఈ సినిమాకే వచ్చింది. ఆ కోట ఆవరణలో తిరుగుతుంటే, నాలుగొందల ఏళ్ల దూరంలో ఉన్న ఆర్చింబోల్డో, ష్వాంక్‌మాయర్ ఇద్దరూ ఇరుగుపొరుగులా అనిపించారు. నా మొత్తం ప్రయాణంలో అంతకన్నా సంతోషపెట్టింది లేదు.

బస మాత్రం పాతబస్తీ నడిబొడ్డున వద్దు. మేం దిగిన అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ లేదు, ఆ సంగతి ప్రకటనలో లేదు, రాత్రంతా కింద వీధిలో గోల. కార్లీన్ లేదా జిజ్‌కోవ్ పేటల్లో దిగితే ఖర్చు తగ్గుతుంది, ట్రామ్‌లు అర్ధరాత్రి తర్వాత కూడా తిరుగుతాయి. శాకాహారులకి ఎక్కడైనా దొరికేది స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజ్. డబ్బు మార్చుకున్నాక రేటు అన్యాయమనిపిస్తే, రసీదు పట్టుకుని మూడు గంటల్లోపు అదే కౌంటర్‌కి వెళ్లండి. వెయ్యి యూరోల లోపు మార్పిడిని రద్దు చేయించుకునే హక్కు అక్కడి చట్టం ఇస్తుంది.