వైరు హెడ్‌ఫోన్స్, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్: ఏళ్ల తరబడి వాడాక

నా దగ్గర రెండు జతలున్నాయి. ఒకటి వైరుది, చెవులు మొత్తం మూసే రకం. రెండోది బ్లూటూత్‌ది, నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి చప్పుడును తగ్గించే ఏర్పాటు) ఉన్నది. బ్లూటూత్‌ది వెనకొచ్చి, ముందే ముసలిదైపోయింది. కంపెనీల పేర్లు అనవసరం.

వైరుదాన్ని విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. గుండ్రటి పల్చటి ప్లాస్టిక్ పొర, దాని వెనక అతికించిన సన్నటి తీగచుట్ట, ఆ చుట్ట దగ్గరే అయస్కాంతం. పాట కరెంటుగా వచ్చినప్పుడల్లా చుట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పొర గాలిని నెడుతుంది. జర్మనీలో బేయర్ కంపెనీ 1937లో తెచ్చిన డీటీ 48 హెడ్‌ఫోన్స్ కూడా ఇదే పద్ధతిలో పనిచేసేది. ఎడమ, కుడి చెవులకు వేర్వేరుగా పలికే స్టీరియో హెడ్‌ఫోన్స్‌ని 1958లో అమెరికాలో జాన్ కాస్ అమ్మకానికి పెట్టాడు. బ్లూటూత్‌వాటిలోనూ చాలావరకు పాట పలికేది ఈ పొరే. ఇది అంత తేలిగ్గా పాడవదు. ఒకసారి కుడివైపు బేస్, అంటే లోతైన మోత, వచ్చినప్పుడల్లా జర్రుమని చప్పుడొచ్చేది. విప్పితే పొర మీద ఒక్క తలవెంట్రుక. తీసేశాక మళ్లీ మామూలే.

పాడయ్యేవి చుట్టూ ఉన్న సరంజామా. కుషన్ల పైతొడుగు పొట్టు రాలి చెవులకు అంటుకుంటుంది, చూడ్డానికి అసహ్యం. అసలు నష్టం మాత్రం బేస్‌కి. చెవి చుట్టూ గాలి బయటికి పోకుండా ఉంటేనే బేస్ నిలుస్తుంది. కళ్లజోడు కాడ ఎత్తిపెట్టిన సందు చాలు, పలచబడిపోతుంది. కొత్త కుషన్లు వేశాక డ్రమ్స్ తిరిగొచ్చాయి.

తర్వాతి జబ్బు జాక్ దగ్గర వైరుది. 3.5 మి.మీ. జాక్ కొస ఎడమ చెవికి, మధ్య రింగు కుడి చెవికి, మొదలు రెండింటికీ కలిపి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. ఈ గ్రౌండ్ తెగితే వింత జరుగుతుంది: పాడేవాళ్ల గొంతు దాదాపు మాయమై వాద్యాలే మిగులుతాయి. ఎడమ, కుడి చానెళ్లు రెండింట్లో ఒకేలా ఉన్నది కొట్టుకుపోయి, తేడా మాత్రమే వినబడటం వల్ల. గొంతును సాధారణంగా మధ్యలో, అంటే రెండింట్లో సమానంగా పెడతారు కదా. ఊడదీసే వైరు కాబట్టి నాకు కొత్త వైరుతో సరిపోయింది. కొనేముందు వైరు ఊడొస్తుందా అన్న ఈ ఒక్కటి తప్పక చూడండి.

బ్లూటూత్‌దాని మీద నాకున్న కోపమంతా బ్యాటరీ గురించే. మొదట్లో వారానికోసారి చార్జింగ్ పెట్టేవాడిని, ఇప్పుడు ఒక సినిమా పూర్తయ్యేలోపే కూస్తుంది. బ్యాటరీని లోపలే అతికించేశారు, రిపేరు షాపులో ముట్టుకోనన్నారు. తీగచుట్ట, పొర బాగానే ఉన్నా వస్తువు సగం చచ్చినట్టే.

అయినా పారేయలేదు. 1978లో విమాన ప్రయాణంలో అమర్ బోస్ అనే అమెరికన్ ఇంజనీరుకి తట్టిన ఈ నాయిస్ క్యాన్సిలింగ్ ఆలోచన నిజంగానే పనికొస్తుంది. మైకు బయటి చప్పుడును పట్టుకుంటుంది, లోపల దానికి సరిగ్గా ఎదురు తరంగం పుడుతుంది, రెండూ కలిసి తగ్గిపోతాయి. ఫ్యాను, ఇంజన్ లాంటి ఆగని మోతను బాగా మింగుతుంది. పక్కవాళ్ల కబుర్లను మాత్రం అంతగా ఆపలేదు.

బస్సులో వైరుది పెట్టుకుంటే ఇంజన్ మోతను మించాలని వాల్యూమ్ పెంచేస్తాం. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90కి వెళ్తే 4 గంటలే. అందుకే ప్రయాణాలకు ఆ బ్యాటరీ రోగినే తీసుకెళ్తున్నాను, పవర్‌బ్యాంక్‌తో సహా.