టూరింగ్ బైక్ కొనేవారికి హెచ్చరిక: ఇంజిన్ వేడి చూడకుండా డబ్బు కట్టవద్దు

దూర ప్రయాణాలకు పెద్ద టూరింగ్ బైక్ కొనాలనుకునేవారు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి రేడియేటర్ ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగేదాకా నడిపి చూడకుండా డబ్బు కట్టవద్దని మనవి. నేను చల్లటి ఉదయం పూట పది నిమిషాలు నడిపి, బండి తీరు నచ్చి, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను.

తీసుకున్న మొదటి వారంలోనే, ట్రాఫిక్‌లో అసలు సంగతి బయటపడింది. నాది వీ-ట్విన్ ఇంజిన్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండేది. వెనుక సిలిండరు, దాని సైలెన్సర్ గొట్టం సరిగ్గా కుడి తొడ కిందికి వస్తాయి. బండి వేగంగా పోతున్నంతసేపు ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. ఆగి ఉన్నప్పుడు మీటరులో ఇంజిన్ వేడి 100 డిగ్రీలు దాటి ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టగానే, రేడియేటర్ వెనుక నుంచి వచ్చే వడగాలి ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) సందులోంచి నేరుగా పిక్కల మీదికి కొట్టింది. మందపాటి జీన్స్ వేసుకున్నా, ఇంటికి వచ్చి చూసుకుంటే మోకాలి లోపలివైపు అరచేయంత మేర చర్మం కందిపోయి, రెండుచోట్ల బొబ్బలెక్కింది. చర్మానికి 50 డిగ్రీలు దాటిన వేడి కొన్ని నిమిషాలు ఆగకుండా తగిలితే చాలు, కాలుతుంది.

అమ్మినవారు మొదటి సర్వీసు తరువాత తగ్గుతుందన్నారు. తగ్గలేదు, తగ్గదు కూడా. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పని ఇంజిన్ వేడిని బయటికి తేవడం వరకే. బయటపడిన వేడి ఎటు పోవాలో నిర్ణయించేది ఫెయిరింగ్ నిర్మాణం. తరువాత వారి సలహా మీదే గొట్టానికి వేడిని ఆపే పట్టీ చుట్టించాను. తొడకు కాస్త ఉపశమనం దొరికింది కానీ, పిక్కల మీది వడగాలి అలాగే ఉంది. పైగా వాననీరు పట్టీలో నిలిచి, కొన్ని నెలలకు విప్పి చూస్తే గొట్టం తుప్పు పొరలుగా రాలింది. చివరికి వారంటీ కింద అడిగితే, ఇది ఈ తరహా బండ్ల లక్షణమే తప్ప లోపం కాదన్నారు. ఆ ముక్క డబ్బు తీసుకోకముందే చెప్పి ఉండవలసింది.

కాబట్టి ఎండ వేళ, ప్రయాణంలో వేసుకునే ప్యాంటు, బూట్లతోనే, వెనుక కూర్చునే మనిషిని కూడా తీసుకుని వెళ్లండి. ఫ్యాన్ తిరుగుతుండగా రెండు కాళ్లూ నేలకు ఆనించి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. గాలి ఎటు కొడుతోందో చెయ్యి దూరంగా ఉంచి గమనించండి. ఇంతసేపు నడపనివ్వం అంటే ఆ బండి వదిలేయండి.