వన్ టౌన్ పాత మేడలో ఒక బార్

విజయవాడలో పాత బార్ కోసం వెతికేవారు ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినప్పుడు రాష్ట్రమంతటా బార్లకు తాళాలు పడ్డాయి, 1997లో గానీ అవి మళ్లీ తెరుచుకోలేదు. అందువల్ల తాతల కాలం నుంచి ఎడతెగకుండా నడుస్తున్న బార్ ఈ ఊళ్లో దొరకదు. దొరికేదల్లా పాత మేడలో కుదురుకున్న బార్ మాత్రమే. అలాంటిదొకటి వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్టుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంది. పేరు రాయడం లేదు. ఎందుకో మరుగుదొడ్ల దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయి కాలువల్లో సరుకు పడవలు తిరగడం మొదలయ్యాక, 1893లో రైలు వంతెన కూడా వచ్చాక, కొండకూ కాలువకూ రైలు పట్టాలకూ మధ్య ఇరుక్కున్న ఈ పేటల్లో వర్తకులు కింద కొట్టు, పైన కాపురం పద్ధతిలో మేడలు కట్టుకున్నారు. ఈ బార్ ఉన్నది ఆ వరసకు చెందిన మేడలోనే. ముఖద్వారం మీద సున్నంతో పోతపోసిన గజలక్ష్మి, ఆమె పాదాల కింద కట్టిన సంవత్సరం ఉన్నాయి గానీ, పూత మీద పూత పడి చివరి రెండు అంకెలు పూడిపోయాయి. లక్ష్మీదేవి కింద నుంచి బార్లోకి నడవడం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. యజమాని మాత్రం రోజూ ఆమెకు దండ వేయిస్తున్నాడు.

కింది అంతస్తు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. దాన్ని ఏసీ హాలుగా మార్చి, దూలాలు కనిపించకుండా ఫాల్స్ సీలింగ్ వేసి, నీలం లైట్లు బిగించి, గోడకు పెద్ద టీవీ తగిలించారు. అటువంటి హాలు బెంజి సర్కిల్ దగ్గరా ఉంటుంది, గుంటూరు బ్రాడీపేటలోనూ ఉంటుంది. నేరుగా మేడ మీదికి వెళ్లాలి. మేం మెట్ల వైపు తిరగగానే వెయిటర్ ఆపి, "పైన ఏసీ ఉండదండీ" అని హెచ్చరించాడు; ఏసీ వద్దనేవాళ్లు అతనికి అరుదుగా తగులుతారు కాబోలు.

పైన ఉన్నది ఒకే పొడవాటి గది. టేకు దూలాల మీద సన్న దంతెలు పరిచి, వాటి మీద ఇటుకలను అంచు మీద నిలబెట్టి గానుగ సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్ కప్పు ఇక్కడ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఒక దూలం మీద పాత ఉయ్యాల కొక్కేలు రెండు అలాగే ఉన్నాయి, వాటిలో ఒకదానికి ఇప్పుడు ఫ్యాన్ వైరు చుట్టారు. గోడ మూరెడు మందం ఉండటంతో కిటికీ లోతులోనే గ్లాసులు, సోడా సీసాలు, పల్లీల ప్లేటు పెట్టుకోవచ్చు. మండే ఎండలోనూ మధ్యాహ్నం మూడింటికి ఆ గది చల్లగానే ఉంది. అయితే ఇంత మందం గోడలు పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక లోపలికి వదులుతాయి కాబట్టి, బార్లు కళకళలాడే ఎనిమిది గంటల వేళకే ఈ గది ఉక్కపోతగా మారుతుంది. ఇక్కడికి రావలసింది మూడు, ఆరు గంటల మధ్య. ఆ వేళ కిటికీ కింద హమాలీలు బస్తాలు దించే కేకలు, రిక్షా బండ్ల గంటలు వినిపిస్తాయి, పక్క బల్ల దగ్గర ఇద్దరు దళారులు బేరం కుదుర్చుకుంటుంటారు.

తినడానికి పల్లీలు చెప్పండి: ఉల్లిపాయ, పచ్చిమిర్చి కోసి, నిమ్మకాయ పిండి అప్పటికప్పుడు కలిపి తెస్తారు. కొర్రమీను వేపుడు ఉన్న రోజున అది తప్పనిసరి. చైనీస్ పేజీని తిప్పేయడం మేలు. 2019 నుంచి 2024 అక్టోబరు దాకా మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపిన కాలంలో అడిగిన బ్రాండు దొరక్క చిరాకు పడిన వారికి ఇప్పుడా బాధ తగ్గింది. దుకాణంలో ఎమ్మార్పీకి వచ్చే సీసాకు బార్లో ఎక్కువే పడుతుంది, ఆ తేడా గదికి కట్టే అద్దె అనుకున్నాను. వడ్డన నిదానం, బిల్లు సక్రమం. మరుగుదొడ్లు మాత్రం క్షమించరానివి: పెరట్లో, తడి మెట్లు దిగి, సరైన వెలుతురు లేని మూలన. ఆడవాళ్లకు వేరే ఏర్పాటు లేదు. అంత చక్కని కప్పును కాపాడుకున్నవారికి ఒక బల్బు, ఒక గొళ్లెం పెట్టించడం బరువు కాదు.

బస విషయంలో వన్ టౌన్ సత్రాలూ చిన్న లాడ్జీలూ ప్రధానంగా కనకదుర్గమ్మ దర్శనానికి వచ్చేవారి కోసం ఉన్నవి. మందు వాసనతో అక్కడికి వెళ్లడం మర్యాద కాదు. పట్టాలు దాటి గాంధీనగర్‌లోనో గవర్నర్‌పేటలోనో గది తీసుకుంటే, ఆటోలో తిరిగి రావచ్చు, పొద్దున బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తినవచ్చు. కట్టడాల మీద మక్కువ ఉన్నవారు బందరు రోడ్డులోని బాపూ మ్యూజియం కూడా చూడాలి. 1887లో విక్టోరియా జూబిలీ కోసం శంకుస్థాపన జరిగిన భవనమది. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించినదీ ఆ ఆవరణలోనే. ప్రభుత్వం చేతిలో ఉన్న మేడ మరమ్మతులకు నోచుకుంది. వన్ టౌన్ మేడలకు ఉమ్మడి వాటాల తగాదాలు తీరే రోజు, బిల్డరు వచ్చే రోజు తరచు ఒకటే అవుతున్నాయి. ఈ మేడ నిలబడటానికి బార్ అద్దె కూడా కొంత కారణమై ఉంటుందని నా అనుమానం.

దసరా నవరాత్రుల్లో వన్ టౌన్ వైపు వాహనాలను మళ్లిస్తారు, ఆ రోజుల్లో రావద్దు. భవానీ, అయ్యప్ప దీక్షల కాలంలో మాత్రం కిటికీ బల్ల తేలిగ్గా దొరుకుతుంది. కాకపోతే వెయిటర్లలో కొందరు కూడా మాల వేసుకుని సెలవు పెడతారు కాబట్టి, వడ్డన ఇంకాస్త నిదానిస్తుంది.