అమీర్‌పేట జావా కోచింగ్: సార్‌కి దండం, ప్లేస్‌మెంట్ సెల్‌కి దూరం నుంచే దండం

మైత్రీవనం పక్క సందుల్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు జావా ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్‌లో మనకి కనిపించే పేజీలూ, వెనక నడిచే ప్రోగ్రామూ రెండూ రాయడం) నేర్చుకున్నాను. పేరు చెప్పను, అక్కడ ఏ మెట్లెక్కినా దాదాపు ఇదే కథ. నాది ఈసీఈ, 2024 బ్యాచ్, మా కాలేజీకి క్యాంపస్ సెలక్షన్లకి వచ్చినవే రెండు కంపెనీలు. ఫీజు 22 వేలన్నారు, బేరమాడితే 18కి దిగారు (మీరూ ఆడండి, మొహమాటపడకండి).

పాఠానికి వంక పెట్టలేను. పొద్దున ఏడున్నరకి క్లాసు, రెండొందల మంది, కుర్చీ దొరకాలంటే ఏడింటికే ఉండాలి. సార్ బోర్డు మీద రాసి, తెలుగులోనే విడమరిచి, కలెక్షన్స్, మల్టీథ్రెడింగ్ లాంటి జావా పాఠాలు నాలాంటి మొద్దుకి కూడా ఎక్కించారు. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ మాత్రం పది రోజుల్లో అయిందనిపించారు.

ఇక ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో '100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్'. ఆ చివరి మాట ఒకటికి రెండుసార్లు చదవండి. అసిస్టెన్స్ అంటే ఒక వాట్సాప్ గ్రూపు, అందులో నౌక్రీ ఉద్యోగాల సైట్లో మనకీ కనిపించే లింకులే. కోర్సయ్యాక కౌన్సిలర్ మేడం పిలిచి "ఫ్రెషర్‌గా ఎవరూ తీసుకోరమ్మా, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంకో 60 వేలవుతుంది" అన్నారు. ఫ్రెషర్ పోస్టుకి కూడా రెండేళ్ల అనుభవం అడుగుతున్న మాట నిజమే. కానీ ఇప్పుడు చాలా కంపెనీలు యూఏఎన్ (మన పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే నంబరు) తీసుకుని పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తున్నాయి, ఏ కంపెనీలో ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశామో అందులో తెలిసిపోతుంది, ఉత్త కాగితం మీది అనుభవం అక్కడే దొరికిపోతుంది. మా ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో ఒక అక్క ఇలాగే చేరింది, నాలుగో నెలలో వెరిఫికేషన్ రిపోర్టు రాగానే ఆ రోజే ల్యాప్‌టాప్ తీసేసుకుని పంపించేశారు. కట్టిన డబ్బు అడుగుదామంటే కౌన్సిలర్ ఫోన్ ఎత్తితేగా!

నాకు చివరికి కాలేజీ సీనియర్ రిఫరల్‌తో రాయదుర్గంలో సపోర్ట్ ఉద్యోగం వచ్చింది, నైట్ షిఫ్టు, పైగా రెండేళ్ల బాండు. ఇంటర్వ్యూలో అడిగింది మాత్రం సార్ నాలుగుసార్లు చెప్పిన హ్యాష్‌మ్యాప్ (కలెక్షన్స్ పాఠంలోదే) ప్రశ్నే.

చేరాలనుకుంటే మూడు రోజుల డెమో ఉచితం. ఎడమ వైపు కూర్చోకండి, నేనున్నన్నాళ్లూ అటు ఏసీ పనిచెయ్యలేదు.