ఒకటే దెయ్యాల ఆసుపత్రి, రెండు పేర్లు: అద్దె కట్టే ముందు చూసుకోండి

పాడుబడ్డ భవనం, అందులో దెయ్యం అనగానే సినిమా పెట్టేసే నాలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సినిమాలు అద్దెకిచ్చే ఒక యాప్‌లో రెండు నెలల్లో ఒకే సినిమాకి నేను రెండుసార్లు డబ్బు కట్టాను. మొదటిసారి 99 రూపాయలు, రెండోసారి 149. పేరు వేరు, పోస్టర్ వేరు, కథ గురించి రాసిన నాలుగు లైన్లు కూడా వేరు. లోపల ఉన్నది మాత్రం ఒకటే సినిమా, తెలుగు డబ్బింగ్‌తో సహా.

మొదటిసారి తీసుకున్నప్పుడు పోస్టర్ మీద పది అంతస్తుల బిల్డింగ్ తగలబడుతోంది. ప్రతి కిటికీలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. అది ఆదివారం రాత్రి. చిన్నాన్న పిల్లలు మా ఇంటికి వచ్చారు. లైట్లన్నీ ఆపేసి, అమ్మని కూడా బతిమాలి కూర్చోబెట్టాం. తీరా చూస్తే పది అంతస్తుల బిల్డింగూ లేదు, మంటా లేదు. అమెరికాలో ఎప్పుడో మూతపడ్డ రెండంతస్తుల ఆసుపత్రి. ఐదుగురు కాలేజీ పిల్లలు కెమెరాలు పట్టుకుని రాత్రిపూట లోపలికి వెళ్తారు. ఒకటే వరండాని ఈ చివర నుంచి కాసేపు, ఆ చివర నుంచి కాసేపు చూపిస్తారు. భయపెట్టాల్సిన చోట తెర మొత్తం చీకటి, ఆ వెంటనే చెవులు పగిలిపోయేలా ఒక శబ్దం. ఆసుపత్రిలో అసలేం జరిగిందో చూపించకుండా చివర్లో ఒక పిల్ల డైరీ పట్టుకుని గడగడా చదివేస్తుంది. డబ్బింగ్‌లో ఇద్దరు మగపిల్లలకి ఒకే గొంతు వాడారు. ఎవరు అరుస్తున్నారో, ఎవరు చచ్చిపోయారో కూడా మాకు తెలియలేదు. అమ్మ సగంలోనే లేచి వెళ్ళిపోయింది.

బాగోలేని సినిమా దొరకడం మామూలే, దానికోసం అయితే ఇంత రాసేదాన్ని కాదు. అసలు సంగతి తర్వాత జరిగింది. నెలన్నర పోయాక అదే యాప్‌లో ఇంకో సినిమా కనిపించింది. ఈసారి పోస్టర్ మీద పాత అపార్ట్‌మెంట్, లిఫ్ట్ తలుపు సందులోంచి బయటికి వచ్చిన చెయ్యి. అపార్ట్‌మెంట్ కథలంటే నాకు మరీ ఇష్టం, ఆలోచించకుండా కట్టేశాను. మొదలై ఆరు నిమిషాలు కూడా కాలేదు, తమ్ముడు "అక్కా ఆపు, ఈ వీల్‌చైర్ మనం చూసిందే" అన్నాడు. నిజమే. నీలం రంగు వీల్‌చైర్, ఒక చక్రం వంకర. అదే వరండా, అదే ఐదుగురు.

ఆ రెండు పేర్లూ కావాలనే ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ రెండిటినీ తప్పించుకుని మీరు మూడో పేరు దగ్గర దొరికిపోతారు. అందుకే పేరుకి బదులు గుర్తులు చెబుతున్నాను. నిడివి గంటా 24 నిమిషాలు. మొదటి సీన్‌లో తుప్పు పట్టిన గేటు, దాని గొలుసుని కటింగ్ ప్లేయర్‌తో తెంపుతారు. ఆ తర్వాత నీలం వీల్‌చైర్. ఈ మూడూ కనిపిస్తే అదే సినిమా.

బయటి దేశాల చిన్న సినిమాలని తెలుగులోకి తెచ్చేటప్పుడు కొత్త పేరు పెట్టడం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని నేను తప్పు పట్టను. అసలు పేరు ఎక్కడా రాయకపోవడం, దర్శకుడి పేరు ఖాళీగా వదిలేయడం, విడుదలైన సంవత్సరానికి బదులు యాప్‌లో పెట్టిన సంవత్సరం వేయడం, ఇవి తప్పు. అసలు పేరు, దర్శకుడు, విడుదలైన సంవత్సరం రాయకపోతే ఇది ముందే చూసిన సినిమానా కాదా అని కొనేవాళ్ళు తెలుసుకునే దారే ఉండదు.

ట్రైలర్‌లో చూపించినది సినిమాలో లేదు కాబట్టి కేసు వేద్దామని తమ్ముడు అన్నాడు. అది అంత తేలిక కాదు. 2016లో వచ్చిన షారుఖ్ ఖాన్ సినిమా 'ఫ్యాన్' విషయంలో సరిగ్గా ఇలాంటి కేసే నడిచింది. ప్రచారంలో చూపించిన 'జబ్రా ఫ్యాన్' పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. రాష్ట్ర కమిషన్ ఆమెకి 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇవ్వమంది, జాతీయ కమిషన్ కూడా అదే ఖాయం చేసింది. కానీ 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ట్రైలర్ అనేది సినిమా మీద ఆసక్తి పుట్టించడానికే, అందులో ఉన్నదంతా సినిమాలో చూపిస్తామని ఇచ్చిన మాట కాదు అంది. అంటే ట్రైలర్ చూసి డబ్బు కట్టి తర్వాత బాధపడితే మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. జాగ్రత్త కట్టక ముందే పడాలి.

నా విషయంలో కస్టమర్ కేర్ వాళ్ళు రెండుసార్లూ ఒకటే చెప్పారు: ప్లే మొదలైపోయింది, డబ్బు వెనక్కి రాదు. రెండో దానికి నేను ఒప్పుకోలేదు. రెండు పేర్లతో ఉన్న పేజీల స్క్రీన్‌షాట్లు, రెండిట్లోనూ అదే వీల్‌చైర్ వచ్చే చోటు, రెండు బిల్లులు కలిపి మళ్ళీ పంపాను. జవాబు రాకపోయేసరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పదకొండు రోజులకి 149 రూపాయలు తిరిగొచ్చాయి. 99 రాలేదు. కాబట్టి ఇలాంటిది మీకు జరిగితే ఫోన్లో వాదిస్తూ కూర్చోకండి, ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేశాక ఆ పేజీ మారిపోవచ్చు.

తక్కువ బడ్జెట్ సినిమాలు అసలు కొనొద్దని నేను అనడం లేదు. ఈ రకం కథకి డబ్బు కన్నా ఓపిక ముఖ్యం. 'పారానార్మల్ యాక్టివిటీ' (2007)ని ఓరెన్ పెలి సుమారు 15,000 డాలర్లతో, శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లోనే తీశాడు. భయపెట్టే చోట ఎక్కువగా కదలని కెమెరా, పడగ్గది తలుపు, అంతే. 'సెషన్ 9' (2001) మసాచుసెట్స్‌లో నిజంగానే మూసేసిన డాన్వర్స్ మానసిక ఆసుపత్రిలో తీసిన సినిమా. అందులో దెయ్యం కన్నా ఆ గోడలే ఎక్కువ భయపెడతాయి. మన రామ్ గోపాల్ వర్మ 2003లో హిందీలో తీసిన 'భూత్' చూడండి, ముంబైలో ఒక ఫ్లాట్, సినిమాలో ఒక్క పాట కూడా లేదు. నేను దాన్ని చూసిన వారం రోజులు లిఫ్ట్ ఎక్కలేదు, మెట్లే. ఇలాంటి సినిమాల్లో భవనాన్ని ముందు మనకి బాగా అలవాటు చేస్తారు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో మనకి తెలిసిపోతుంది. తర్వాత ఆ తలుపు తెరుచుకోకూడని వేళ తెరుచుకుంటుంది. అంత శ్రద్ధతో పనిచేసినవాళ్ళకి వెళ్ళాల్సిన డబ్బు ఇలాంటి రంగు మార్చిన పోస్టర్లకి పోతుంటే నాకు బాధగా ఉంది.

ఇప్పుడు నేను కట్టే ముందు చూసేవి ఇవి. అసలు పేరు, దర్శకుడి పేరు ఉన్నాయా లేదా. లేకపోతే వదిలేస్తాను. ఉంటే ఆ పేరుతో వెతికి, అసలు పోస్టర్‌ని, నిడివిని పోల్చి చూస్తాను. ట్రైలర్‌ని తెలుగులోనే చూస్తాను, డబ్బింగ్ ఎలా ఉందో ముప్పై సెకన్లలో తెలిసిపోతుంది. ట్రైలర్ ఇంగ్లీషులో పెట్టి సినిమా మాత్రం తెలుగులో అంటే అనుమానించాల్సిందే. అద్దెకి తీసుకున్నది సాధారణంగా మొదలుపెట్టాక 48 గంటల్లో చూసేయాలి, డబ్బు వెనక్కి అడగాలన్నా ప్లే నొక్కక ముందే అడగాలి. అందుకే కట్టాక కూడా ఒకసారి ఆగి వివరాలు చదవండి.

మొన్న శనివారం అదే యాప్‌లో కొత్తగా ఒక సినిమా వచ్చింది. పోస్టర్ మీద కొండ మీది హోటల్, గుమ్మంలో చిన్నపిల్ల. దర్శకుడి పేరు లేదు. అద్దె 129. నిడివి గంటా 24 నిమిషాలు. ట్రైలర్ రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. పదిహేడో సెకను దగ్గర, ఎడమ పక్క మూలలో, ఆ నీలం వీల్‌చైర్ ఉంది.